ఎర్ర చీమల గూడు

పొద్దున మా అల్వాల్ అపార్ట్‌మెంట్‌లో మామిడి చెట్టుకు పురుగుల మందు కొట్టారు. ఆ వాసనకు మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లోని మా పెరటి మామిడి గుర్తొచ్చింది.

గుర్తున్నాయా దోస్తులూ, ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్ర చీమలు? చెట్టెక్కితే చాలు, నిక్కర్లోకి దూరి కుట్టేవి. మా నానమ్మ మాత్రం వాటి కోసం కొమ్మల సందులో బెల్లం ముక్క పెట్టేది. "కాయలకు కావలి గవే బిడ్డా. జెర ఓర్సుకో" అనేది.

ఓ ఎండాకాలం ఒళ్లంతా కుట్టించుకున్నాక నాకు ఓర్పు పోయింది. నానమ్మ ఊరెళ్లిన రోజు గూళ్లన్నీ కర్రతో కిందికి లాగి, స్టవ్‌లోని కిరోసిన్ పోసి కాల్చేశాను. మంట చుట్టూ గెంతాను కూడా.

మరుసటి ఏడు కాయలు విరగకాశాయి. తొక్కు పెడదామని నానమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. ఏ కాయ టెంక పగిలినా లోపల పురుగే. "చీమలు ఏడికి పోయినయో ఏందో" అంది, తనలో తను. నేను పురుగు పట్టిన ముక్కలు ఏరి బయట పారేసి వచ్చాను. ఆ ఏడంతా మా తొక్కు జాడీ బోర్లించే ఉంది.

పొద్దున మందు కొట్టే అతను కింద నుంచి అడిగాడు: "సార్, పై కొమ్మల ఇంకో గూడున్నది. దాన్ని సుత కొట్టాల్నా?"

నిన్న చీమ కుట్టి మా పాప కనురెప్ప వాచిందని అతన్ని పిలిపించింది నేనే. నానమ్మ మాట నోటిదాకా వచ్చింది.

"కొట్టెయ్" అన్నాను.