తూకం వేయనివ్వని పిల్ల

“నాకొద్దంటే వద్దు. రేపొద్దున్న తూకం ఉన్నాది. ఈ పూట తింటే కేటగిరీ మారిపోతాది,” అంది మా మనవరాలు, కంచం నావైపు తోసేసి.

“మారితే మారనీ. కడుపు మాడ్సుకుని పడుకోడం నా ఇంట్లో లేదు. ఈ నెత్తళ్ళ చేపలు పారబొయ్యడానికి కొన్నాననుకున్నావేటి?”

“నీకు నెత్తళ్ళ గురించే బాధ.”

“నీ గురించి బాధ పడ్డానికి నువ్వు మిగలాలి గదే గుంటా. సూడు ఆ మొకం, ఎండబెట్టిన వంకాయ వరుగులాగ అయిపోనాది.”

దానికి పద్నాలుగేళ్ళు. మా ఊళ్ళో ఆడపిల్లలు బరువులెత్తడం వింతేమీ కాదు. హైస్కూలు వెనక రేకుల షెడ్డులో సాయంత్రాలు సారు నేర్పిస్తాడు. పోటీల్లో మాత్రం ఒంటి బరువును బట్టి పిల్లల్ని జట్లుగా విడదీస్తారు, కేటగిరీ అంటే అదే. మా పిల్ల నిరుడు తన జట్టులో మొదటొచ్చింది. ఆ పతకం గోడ మేకుకి వేలాడుతోంది. ఈ ఏడు ఒళ్ళు చేసింది. షెడ్డులో ఉన్న మెషిన్ రోజూ ఎక్కి చూసుకుంటోంది. దాని ముల్లు ఆ జట్టు హద్దు గీత మీద అటూ ఇటూ ఊగుతోందట. గీత దాటితే పై జట్టులోకి పోవాలి, అక్కడ దానికంటే బలమైన పిల్లలుంటారు. నిరుటి చోటే మళ్ళీ మొదట రావాలని దాని పట్టు.

తూకమంటే నాకు మొదట్నించీ గిట్టదు. నేను శృంగవరపుకోట సంతలో చింతపండు అమ్మే మనిషిని. మనం తూచేది అమ్మే సరుకుని గానీ పిల్లల్ని కాదని నా పట్టు నాది. కోడలు జూట్ మిల్లుకి పోతే పసిదాన్ని నేనే చూసుకునేదాన్ని. అంగన్‌వాడీ అమ్మాయి నెలనెలా దూలానికి కాటా కట్టి, పిల్లల్ని గుడ్డ ఉయ్యాల్లో వేలాడదీసి తూచేది. పిల్ల నిద్రపోతోందని చెప్పి నేను పంపేదాన్ని కాదు. ఒకసారి ఆ అమ్మాయి గుమ్మంలోకే వచ్చి, మీ మనవరాలు ఎప్పుడు పిలిచినా నిద్రేనా అని అడిగింది. ఎదిగే పిల్లలు పడుకుంటారు అన్నాను. గుడ్లూ పిండీ మాత్రం మానకుండా తెచ్చుకునేదాన్ని.

పిల్ల ఎదుగుతోందో లేదో నాకు మొలతాడు చెప్పేది. నల్లతాడు కాస్త పొడుగ్గా తీసుకుని, మిగిలిన కొసను ముడేసి ఉంచేదాన్ని. నడుం మీద గీత పడితే ముడి వదులు చేసేదాన్ని. ఒకసారి జ్వరం తగిలి తాడు తుంటి మీదికి జారింది. మళ్ళీ అది నడుం మీదికి ఎక్కేదాకా నాకు అన్నం సయించలేదు. ఇల్లు దాటించేటప్పుడు అరికాల్లో కాటుక చుక్క పెట్టేదాన్ని. మొహం మీదైతే చెరుపుకుంటుందని కాలికి.

కాళ్ళు నిలిచాక అన్నిటికీ “నానే” అనడం నేర్చింది. గౌను గుండీ ఒక్కటి నేను పెడితే, అన్నీ ఊడదీసి మళ్ళీ మొదట్నించీ తనే పెట్టుకునేది. సంతకి వేళ మించిపోతున్నా ఊరుకోవలసిందే. బడికి పోయే వయసులో చల్లకుండ పగలగొట్టి, పిల్లి తోసేసిందంది. మా ఇంటికి ఏ పిల్లీ రాదు. చీపురు తీశాను. తీస్తూనే, లేనిదాన్ని ఉన్నట్టు చెప్పే తెలివి వచ్చేసింది దీనికి అనుకున్నాను.

పన్నెండేళ్ళకి పెద్దమనిషైంది. నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెట్టాను, ఒంటికి బలమని. ఆ తరవాత ఒక్క ఏడాదిలో చెప్పులు చాలలేదు, గౌన్లు చాలలేదు. అంతకుముందు ఊరంతా తిరిగే పిల్ల గోడవారగా నడవడం మొదలెట్టింది. భుజాలు ముందుకి వంచేసి, పుస్తకాల సంచీ గుండెలకి హత్తుకుని నడిచేది. నాతో సంతకి రమ్మంటే ఏదో ఒక వంక. అడిగినదానికి ఒక్క మాటలో జవాబు. షెడ్డులో ఇనప కడ్డీ పైకెత్తినప్పుడు మాత్రం నిటారుగా నిలబడేది. అది చూసే నేను ఆ బరువుల జోలికి పోవద్దని ఏనాడూ అనలేదు. ఎత్తిన బరువుని తూచుకోనీ, పిల్లని తూచడమేమిటన్నదే నా గొడవ.

కంచం మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. నేనూ తినకుండా కూర్చున్నాను. బెదిరిస్తున్నావా అని అడిగింది. లేదు, నా కాళ్ళు నొప్పి, లేవలేక కూర్చున్నాను అన్నాను. అది తల దించుకుని, మెల్లిగా అంది.

“నా ఒళ్ళు నా మాట ఇనట్లేదు నానమ్మా.”

“ఎప్పుడిన్నాది? పళ్ళు నిన్నడిగి వచ్చినాయా, నిన్నడిగి ఊడినాయా? అది ఎదిగే పని మీద ఉన్నాది. దాన్ని మాడిస్తే రేపు కడ్డీ దేంతో ఎత్తుతావు?”

“పై కేటగిరీలో ఓడిపోతే?”

“బస్సెక్కి ఇంటికొచ్చేద్దుం. ఆడోళ్ళకి బస్సు ఊరికే గదా. గెలిసినా ఓడినా టికెట్టు లేదు.”

నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. కంచం దగ్గరికి లాక్కుంది. అప్పుడు నేనూ వడ్డించుకున్నాను.

తెల్లారి తల దువ్వి, కాటుక భరిణె తీశాను. చెప్పకుండానే కాలు చాపింది. ఈ కాటుక బరువెంత అని అడిగింది. నోరు మూసుకోమన్నాను.

విజయనగరంలో తూకం వేసే గదిలోకి నన్నూ రానిచ్చారు. దాన్ని తూస్తుంటే నేను చూడడం అదే మొదటిసారి. గీత దాటింది. సారు రాత్రి తిన్నావా అని అడిగితే, తిన్నానంది. మంచి పని చేశావని, పై జట్టులో పేరు వేయించాడు. అది నావైపు చూడలేదు, నేరుగా వెళ్ళి వాళ్ళ వరసలో నిలబడింది. నిరుడు ఎత్తినదానికంటే ఎక్కువే ఎత్తింది. అయినా అక్కడ నాలుగోది, పతకం రాలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, నేను సీసాలో తెచ్చిన చోడి అంబలి, అదే రాగి జావ, అంతా తాగింది. రాత్రి నెత్తళ్ళు ఏమైనా మిగిలాయా అని అడిగింది. లేవు, నువ్వే తినేశావు అన్నాను.