నల్ల ఫొటోలో బాపు

చరిత్ర పరిశోధన కోసం హైదరాబాద్‌లో చేరిన ఆ కొత్త రోజుల్లో, లోకంలో అచ్చయిన ప్రతి కాగితమూ కంప్యూటర్‌లోకి ఎక్కేసిందనీ, నేను మీట నొక్కడమే ఆలస్యమనీ గట్టిగా నమ్మేదాన్ని. ఆ గీరతోనే మా బాపుకు మాటిచ్చాను. గోదావరిఖని బొగ్గుబాయిలో చేరిన కొత్తలో, తాడు గుంజే పోటీలో బెల్లంపల్లి వాళ్లను ఓడించామనీ, పేపర్లో ఫొటో కూడా పడిందనీ బాపు చెప్పని రోజు లేదు. మా మామ (అమ్మకు తమ్ముడు, బాపుతో ఒకే షిఫ్టు) ఎగతాళి చేయని రోజూ లేదు. "నువ్వేడ గుంజినవ్ బావా? గుంజెటోళ్లకు నీళ్లందించినవ్!" అనేవాడు. ఆదివారం బాపు రిటైర్మెంట్ ఫంక్షన్. "బిడ్డా, ఆ ఫొటో ఒక్కటి దొరికితే వీని నోరు మూతవడ్తది. పెద్దగ చేయించి స్టేజీ మీద పెడ్దం" అన్నాడు బాపు. "ఎంతసేపు బాపూ, గంట పని!" అన్నాను.

గంట కాదు, వారమంతా పట్టింది. కంప్యూటర్‌లోకి ఎక్కించిన పాత పేపర్లలో బాపు పేరు కొట్టి వెతికితే సినిమా ప్రకటనలూ ఎరువుల ధరలూ వచ్చాయి. ఆ పాత పేజీల్లో తెలుగు చదవడం కంప్యూటర్‌కు సరిగా రాదని అప్పుడు తెలిసింది. ఇక ఒక్కో పేజీ తిప్పడమే. కొన్ని నెలల పేపర్లలో హైదరాబాద్ ఎడిషన్ ఒక్కటే ఎక్కించారు, మా ఖని వార్తలు గాయబ్! రోజూ ఫోన్: "దొరికిందా బిడ్డా?" చివరికి శుక్రవారం దొరికింది. పోటీ వార్త ఉంది. పేర్లున్న వరుస మడతలో పోయింది. ఫొటోలో అందరూ నల్లటి మచ్చలే. (బాయి దిగి డ్యూటీ చేసొచ్చినా మొహం అంత నల్లగా ఉండదు.) నాకు ఏడుపొక్కటే తక్కువ.

బాపు మాత్రం ఆ ఫొటోనే ఫ్రేము కట్టించి స్టేజీ మీద పెట్టాడు. "గీ రెండోణ్ని నేనే" అన్నాడు ధీమాగా. మామ పగలబడి నవ్వబోతుండగా, మా పక్క క్వార్టర్‌లో ఉండే కాక ముందుకొచ్చి, "అయితె మూడోణ్ని నేను" అన్నాడు. మామ ఆగలేకపోయాడు. "ఏయ్ జరుగు కాకా! బావ ఎన్క తాడు వట్టింది నేను. నువ్వేడికెళ్లి వచ్చినవ్?"

అందరూ మామ వైపు తిరిగారు. "మరి నేను నీళ్లందించిన్నంటివి గదరా!" అన్నాడు బాపు, మొహమంతా వెలిగిపోతుండగా. మామ గొణిగాడు: "నీళ్లు గూడ అందించినవ్ తియ్!"

ఆ ఫ్రేము ఇప్పుడు నా బల్ల ఎదురుగా ఉంది. ఆధారం లేనిదే ఒక్క ముక్క రాయొద్దని విద్యార్థులను దబాయిస్తుంటాను. వాళ్లలో ఎవరైనా అందులో మీ బాపు ఎవరని అడిగితే మాత్రం, ఏమాత్రం తడుముకోకుండా రెండో మచ్చ మీద వేలు పెడతాను.