గౌరి తల పట్టుకున్న చేతులు

ఆదోనిలో మేం పెంచుకునే కుక్క గౌరికి గోళ్ల కట్టర్ చూస్తే వణుకు. మంచం కిందికి దూరేది. నెల రోజులు నేను రోజూ దాని కాలు నిమిరి, కట్టర్ వాసన చూపించి, జొన్నరొట్టె ముక్క పెట్టేదాన్ని. చివరికి తనే కాలు చాపి, రోజుకొక గోరు తీయనిచ్చింది.

అప్పుడే దేవనకొండ నుంచి మా అన్న వచ్చాడు. గొర్రెలు మేపే మనిషి. నన్ను చూసి ఒకటే నవ్వు.

"దినానికి ఒక గోరా? గొర్రెకు బొచ్చు కత్తిరించేటప్పుడు దాన్ని అడుగుతామా? కాళ్లు కట్టేస్తే అయిపోతాది. నువ్వు తల పట్టుకో, సాలు."

నాలుగు కాళ్లూ కలిపి తాడుతో కట్టాడు. నేను తల పట్టుకున్నాను. రెండో గోరుకే లోపలి కండ తెగి రక్తం కారింది. గౌరి అరుపుకు వీధంతా బయటికొచ్చింది.

"బుద్ధుందా నీకు? ఇది గొర్రె కాదు!" అని కట్టర్ లాక్కుని విసిరికొట్టాను.

"గోరే కదమ్మా, మళ్లా వస్తాదిలే," అన్నాడు.

ఆ మాటకు ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. అన్న వస్తే గౌరి మొరుగుతుంది. మొరగనీ! నేను రొట్టెతో పిలిస్తే మాత్రం మొరగదు. కాళ్లు కడుపు కిందికి ముడుచుకుని, నా చేతుల వైపే చూస్తుంది.