కుంటలో బతికిన చేప

డిగ్రీ రెండో ఏడు జువాలజీలో నా బుర్ర తిన్నది ఒకే ఒక్క చేప. బల్లపరుపు ఒళ్లు, వీపు మీద పిసరంత రెక్క, కడుపు కింద మొదలై తోకలో కలిసిపోయే పొడవాటి రెక్క. మా ఊళ్లో కత్తిచేప అనేవాళ్లం. ఊరు పటాన్‌చెరు వెనక, కాలేజీ సంగారెడ్డిలో. మంచినీటి ఎముక చేపల్లో ఇది చాలా పాతకాలపు గుంపుదని మేడం చెప్పింది. లైబ్రరీలో పాత పుస్తకం దాన్ని సముద్రపు కవళ్ల చేపల పక్కన కూర్చోబెట్టింది. కొత్త పుస్తకమేమో నాలుక మీద పళ్లుండే గుంపు వేరే ఉందని అందులో కలిపింది. ఏది రాయాలి మేడం అంటే, "కొత్తదే రాయమ్మా. దిద్దేవాళ్లు పాతది చదివినవాళ్లయితే మాత్రం నా పూచీ లేదు" అన్నది. ఇక చదివినట్టే అనుకున్నాను.

లోపలి భాగాలు ఇంకా తికమక. దాని పేగు పొట్టకు ఎడమ పక్కగా తిరుగుతుందట. కుడి పక్కన తిరిగితే ఎవరి సొమ్ము పోయింది? అర్థం కాకపోయినా నోట్సు మొత్తం కంఠతా పట్టాను.

పరీక్షలకు వారం ముందు మా పొలం పక్క కుంటలో చేపలు చచ్చి తేలాయి. కంపెనీల నీళ్లు కుంటలో కలిసే వాగులోకి వదిలారని ఊరంతా అనుకున్నారు. మా బోరు అప్పటికే ఎండిపోయింది. ఇంట్లో ఒక్కటే బర్రె, అదీ చూడిది, నెలలు నిండాయి. నాయిన దాన్ని గుంజకు కట్టేసి బిందెలతో తాపాడు. ట్యాంకర్ రాని రోజు అది పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉంది.

మా దిక్కు పశువును నీళ్లలోకి దించే ముందు చేపను చూసేవాళ్లు. చేప మెదిలితే దించడం, లేకపోతే మళ్లించుకు రావడం. నాయిన బర్రెనూ నన్నూ కుంట గట్టుకు తోలుకుపోయాడు. కత్తిచేపలు మూడో నాలుగో పైకొచ్చి, నోరు తెరిచి, గబుక్కున మునుగుతున్నాయి.

"సూడు బిడ్డా, ఇవి మంచిగనే తిరుగుతున్నయ్. మరి కడమయి ఎందుకు సచ్చినయ్? నువ్వు చేపల సదువే సదువుతున్నవు గద. బర్రెను దించాల్నా, వద్దా?"

 నాలుక మీద పళ్లు, ఎడమ పేగు, పాత గుంపు, కొత్త గుంపు, అన్నీ బుర్రలో గిర్రున తిరిగాయి. తెలియదు అనడానికి సిగ్గేసింది. ఊళ్లో డిగ్రీ దాకా పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, నా మొహం.

"ఇది శాన పాత జాతి నాయినా. నీళ్లల్ల విషముంటే ముందుగాల ఇదే పోతది. దించు" అన్నాను. ఎక్కడా చదవని ముక్క.

"ఇగ నువ్వన్నంక పరేషానేంది" అని ఆయన తాడు వదిలాడు.

బర్రె ఆబగా తాగింది. తెల్లారేసరికి నోట నురగ కక్కుతూ పడిపోయింది, మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. దూడ కడుపులోనే పోయింది. అమ్మ దాని మెడ మీద పడి ఏడుస్తుంటే చూడలేక లోపలికి పోయి నోట్సు తెరిచాను. నా చేతిరాతే: నీటిలో ఊపిరాడనప్పుడు ఈ చేప పైకొచ్చి గాలి మింగుతుంది, గాలితిత్తితో ఊపిరి తీసుకుంటుంది. ఆ వాక్యం నాకు కామాలతో సహా వచ్చు.

నోట్సు పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. నాయిన గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచేలోపే నా చేతిలో పుస్తకం చూశాడు.

"నువ్వేం బాధపడకు బిడ్డా. నువ్వు సదివిందే చెప్పినవ్. నీళ్లే మోసం జేసినయ్. పో, పోయి సదువుకో."

సరే అన్నాను.