ఘాట్ రోడ్డు మీద మా మామ జీపు

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా మేనమామకు ఒక పాత జీపు ఉండేది. మా ఊరి నుంచి వనపర్తికి మనుషులను ఎక్కించుకొని తిప్పేవాడు. మా వైపు జీపులు నడిపేవాళ్లలో చాలామందికి ఒక అలవాటు ఉండేది. దిగుడు కనిపిస్తే చాలు, ఇంజన్ బంద్ చేసి బండిని వదిలేసేవాళ్లు, డీజిల్ మిగులుతుందని. ఊరి బయట మిట్ట మీద మామ తాళంచెవి తిప్పగానే జీపు మూగబోయి గాలి చప్పుడొక్కటే వినిపించేది. బండి కల్వర్టు దగ్గర ఆగుతుందా, బడి గేటు దాకా పోతుందా అని నేను పందెం కాసేదాన్ని. నాకు అంతకన్నా గొప్ప ఆట లేదు. మామకూ లేదనుకుంటాను. కాకపోతే పెద్దవాడు కాబట్టి డీజిల్ పేరు చెప్పేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో మామ మమ్మల్ని శ్రీశైలం తీసుకుపోయాడు. ముందు సీట్లో నేను, వెనక అమ్మ, అమ్మమ్మ, మా తమ్ముడు. నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి మన్ననూరు దగ్గర అడవిలోకి వచ్చాం. మెట్ట పొలాలూ రాళ్ల గుట్టలూ తప్ప ఏమీ చూడని నాకు ఆ కొండలు భలే అనిపించాయి. తమ్ముడికి మాత్రం ఏమీ అనిపించలేదు. మలుపు మలుపుకూ వాంతి చేసుకుంటూ పడుకున్నాడు.

చివరికి డ్యాం వైపు దిగుడు మొదలైంది. అంత పొడుగు దిగుడు నేనెన్నడూ చూడలేదు. వెనక అమ్మా అమ్మమ్మా తమ్ముడి వాంతులతో తంటాలు పడుతుంటే, ఇంజన్ బంద్ చెయ్యమని మామ చెవిలో అడిగాను. "వద్దు బిడ్డా, ఇది ఘాటు" అన్నాడు. నేను ఊరుకోలేదు. గునిసి గునిసి, ఆఖరికి "భయమైతుందా మామా?" అన్నాను. ఎవరికి ఎక్కడ గుచ్చాలో ఆ వయసుకే నాకు బాగా తెలుసు. మామ నవ్వి తాళంచెవి తిప్పాడు.

రెండు మలుపులు హాయిగా దిగాం. మూడో మలుపు దగ్గర జీపు నెమ్మదించలేదు. ఏదో మాడిన వాసన వస్తుందని వెనక నుంచి అమ్మమ్మ అంది. మామ బ్రేకును పదే పదే తొక్కుతున్నాడు. ఇంజన్ ఆన్ చేసి గేరు వెయ్యబోతే గరగరమని మొరాయించింది. ఎదురుగా పిట్టగోడ, దాని అవతల లోయ. నేను మామ ముఖం చూశాను. నవ్వు లేదు. ఒక్కసారిగా స్టీరింగ్‌ను కొండవైపు తిప్పేశాడు. ఎడమవైపు చక్రాలు రోడ్డు పక్క కాలువలో పడ్డాయి. జీపు బండరాళ్లను రాసుకుంటూ కొంతదూరం పోయి ఆగింది. నా మోకాలు చెక్కుకుపోయింది. డబ్బాలోని పులిహోర మా అందరి నెత్తిన పడింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మమ్మ దిగీ దిగగానే మామను పట్టుకుంది. "ఇంజన్ ఎందుకు బంద్ చేసినవురా? పిల్లలను సంపుదామనుకున్నవా?"

నేను జీపు చాటుకు జరిగాను. మామ నా పేరు చెప్తే వీపు పగులుతుందని కాదు. అందరినీ చంపబోయింది నేనే అని అందరికీ తెలిసిపోతుందని. తమ్ముడు అమ్మ కొంగు వదలడం లేదు. వాడి వైపు చూడలేకపోయాను.

"నాదే తప్పమ్మా" అన్నాడు మామ. "ఈ రోడ్డు నాకు తెల్వదు. తెల్వదని ఒప్పుకోకపోతిని." నా వైపు కనీసం తిరిగి కూడా చూడలేదు.

కాసేపటికి ఎదురుగా ఎక్కుతున్న ఒక లారీ ఆగింది. దాని డ్రైవరు మామకన్నా చిన్నవాడు. బ్రేకులు చల్లారేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. తర్వాత తాడు కట్టి జీపును పైకి లాగాడు. ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తామో దిగేటప్పుడూ అదే వెయ్యాలని చెప్పాడు. ఏళ్లుగా జీపు నడుపుతున్న మా మామ చేతులు కట్టుకొని విన్నాడు, అర్థం కానిది మళ్లీ అడిగాడు. మిగతా ఘాటంతా చిన్న గేరులో దిగాం. వెనక బస్సులు హారన్ కొడుతుంటే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

సాయంత్రం శ్రీశైలంలో నది మెట్ల మీద ఏడుస్తూ, నేను అడగకపోతే ఇదంతా అయ్యేది కాదని మామతో అన్నాను.

"అడిగినవు. పిల్లలన్నంక అడుగుతరు" అన్నాడు. "స్టీరింగు ఎవరి చేతిలున్నది?"

"నీ చేతిల."

"మరి?"

అంతే. నా ముఖం కడిగి మెట్లెక్కించాడు. బంద్ చెయ్యమన్నది నేనేనని ఇంట్లో ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు.

నేనిప్పుడు ఒక దవాఖానలో నర్సును, ఒక వార్డు నా చేతి కింద ఉంది. అప్పుడప్పుడు పొరపాటు జరుగుతుంది. పెద్ద డాక్టరు నిలదీసినప్పుడు, ఫలానావాళ్లు తొందరపెట్టారు అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అది అబద్ధం కూడా కాదు. అయినా మింగేసి, నాదే తప్పు సార్ అంటాను. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా తేలిగ్గా రాలేదు. ఆ రోజు మామ ఎంత సులువుగా అనేశాడో అని చాలా ఏళ్లు అనుకున్నాను. సులువుగా అనలేదని ఇప్పుడు తెలుసు.