వెనక సీటు అద్దం

దయ్యాల ముచ్చట్లు చెప్పేవాళ్ళను ఆటపట్టించి నవ్వే రకం నేను. దూలపల్లిలో ప్లాస్టిక్ సామాన్లకు అచ్చులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నాను. మా పనిలో వెంట్రుక మందం తేడా వచ్చినా అచ్చు మూలన పడేయాల్సిందే. కొలతకు అందనిది ఏదీ ఉండదన్న నమ్మకంతోనే ఇన్నాళ్ళూ బతికాను. మా ఆవిడ స్వరూప పిల్లలకు దిష్టి తీస్తుంటే "మిరపకాయలు కూరలో వేయరాదా" అని ఏడిపించేవాణ్ణి. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. నిరుడైతే నేనూ నవ్వేవాణ్ణి.

పాత విమానాల నమూనాలు చేయడం నాకు పిచ్చి. డబ్బాలో వచ్చే ముక్కలు అతికించడం కాదు. డ్రాయింగులు చూసి, మెత్తని కర్ర, ప్లాస్టిక్ షీట్లు కోసి మొదటి నుంచి నేనే చేసుకుంటాను. మేడ మీద గదిలో అలా చేసినవి పదకొండు ఉన్నాయి. ఇది పన్నెండోది.

దీన్ని చేయమన్నది మా మామ, స్వరూప వాళ్ళ నాయిన. వాళ్ళది శామీర్‌పేట దాటాక అలియాబాద్. మామ ఒకప్పుడు సర్పంచి, ఇప్పుడు పొలాలు ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. గొంతు పెద్దది, మనసు మంచిది. చచ్చిపోయిన తండ్రి పేరెత్తితే మాత్రం ఇక ఆపడం మన వల్ల కాదు.

మామ ఇంకా పుట్టనప్పుడు వాళ్ళ జొన్నచేలో ఒక మిలిటరీ విమానం కూలిందట. ఊళ్ళో ఇప్పటికీ దాన్ని గాలిమోటరు అనే అంటారు. మామ తండ్రి ఉరికిపోయి, మంటల్లోంచి పైలట్‌ను బయటికి లాగి బతికించాడు. ఆయన కుడి చేయి మోచేతి దాకా కాలింది. మామ చిన్నప్పుడు ఆయన ఆ చేయి చూపిస్తూ ఈ కథ చెప్పేవాడట.

ఆ చేనే ఇప్పుడు లేఅవుట్ అయింది. దాని గేటు దగ్గర దసరాకు తండ్రి విగ్రహం పెట్టాలని, కింద రాయి మీద ఈ సంగతి చెక్కించాలని, ఆఫీసులో అద్దాల పెట్టెలో ఆ విమానం నమూనా ఉంచాలని మామ కోరిక. "అల్లుడా, అచ్చం గట్లనే ఉండాలె. మా నాయిన జేసింది ఊరు మర్వద్దు" అన్నాడు.

పసుపు రంగు, ముందు ఒకే ప్రొపెల్లర్, పొడుగ్గా అద్దాల కప్పు. ఊరి పెద్దలు తమ పెద్దల దగ్గర విని చెప్పిన ఈ గుర్తులు పట్టుకుని వెతికితే అది పాత శిక్షణ విమానం అని తేలింది. దాని పేరు కావాలనే రాయడం లేదు. ఆ ప్రమాదం గురించి కాగితం ముక్క కూడా నాకు దొరకలేదు.

డ్రాయింగు చూశాక మామకు ఫోన్ చేశాను. దీంట్లో ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు ఉన్నాయి మామా, రెండో మనిషి సంగతేంటి అని అడిగాను. "ఎనకది ఖాళీ. ఒక్కడే ఉండె" అన్నాడు, ఆలోచించకుండా. నేర్చుకునేవాళ్ళు ఒంటరిగా నడపడం కూడా మామూలే కాబట్టి నేనూ సరే అనుకున్నాను. ముందు సీటులో పైలట్ బొమ్మ పెట్టి దానిపై అద్దం వెనక్కి జరిపి ఉంచాను. వెనక సీటు ఖాళీగా వదిలేసి దాని అద్దం మూసి అతికించాను.

ఆ అద్దం అగ్గిపెట్టె అంత ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును వేడి చేసి, కర్ర దిమ్మె మీద నొక్కి నేనే చేశాను.

మర్నాడు చూస్తే ఆ అద్దం లోపలి వైపు తెల్లటి మసక పట్టి ఉంది. ఇది ఈ పనిలో అందరికీ జరిగే తప్పే. తొందరగా ఆరే గమ్ వాడితే దాని ఆవిరి అద్దానికి పట్టి తెల్లబడుతుంది. నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ తప్పు జరుగుతుందనే నేను అద్దాలకు చెక్కపనికి వాడే తెల్ల గమ్ వాడాను. దానికి ఆవిరి ఉండదు.

వానాకాలం కదా, తేమ అనుకున్నాను. అద్దం ఊడదీసి, తుడిచి, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే గుళికలు రెండు సీటు కింద వేసి మళ్ళీ అతికించాను. సాయంత్రానికి మళ్ళీ మసక. పక్కనే ఉన్న ముందు అద్దం మీద చుక్క కూడా లేదు.

ఈసారి కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. మసక ఒకే తీరుగా లేదు. కొంచెం పెరిగేది, కొంచెం తగ్గేది. మళ్ళీ పెరిగేది. ఫోన్‌లో టైం పెట్టి చూశాను. తగ్గడానికీ పెరగడానికీ మధ్య మూడు నాలుగు సెకన్లు. స్వరూపను పిలిచి, నేనేమీ చెప్పకుండా చూడమన్నాను. నాకు మాత్రమే కనిపిస్తోందేమో తేల్చుకుందామని.

ఆమె కాసేపు వంగి చూసి, రెండడుగులు వెనక్కి వేసింది. "ఎవలో ఊపిరి దీస్తున్నట్టున్నది" అంది.

నేను నవ్వాలని చూశాను, నవ్వు రాలేదు.

ఆ ఆదివారం పొద్దున పదకొండు గంటలకు రెక్కలకు పసుపు రంగు వేస్తున్నాను. కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో వినిపించింది. టక్, టక్. గోటితో ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టు. లోపల ఏదో ముక్క ఊడి ఆడుతోందని విమానాన్ని చేతిలోకి తీసుకుని తిరగేశాను, ఊపాను. ఏమీ కదల్లేదు. కదలకుండా పట్టుకుని ఉన్నప్పుడు మళ్ళీ కొట్టింది. ఆ దెబ్బ నా అరచేతికి తెలిసింది.  విమానాన్ని బల్ల మీద పెట్టానో పడేశానో గుర్తు లేదు, మెట్లు దిగి వాకిట్లో ఎండలో నిలబడ్డాను. నలభై మూడేళ్ళ మనిషిని, నా సొంత ఇంట్లో నాకు భయం వేసింది.

మధ్యాహ్నం ధైర్యం చేసి ఆ అద్దం ఊడదీశాను. అచ్చులు పరీక్షించే భూతద్దం కింద పెట్టి చూశాను. లోపలి వైపు సన్నని గీతలు. నేను నున్నగా చేసేటప్పుడు పడే గీతలు అన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. ఇవి అడ్డదిడ్డంగా ఉన్నాయి, పై అంచు దగ్గరే గుంపుగా. అసలు విమానంలో అద్దం తెరుచుకోవాలంటే చేయి పెట్టి జరపాల్సింది సరిగ్గా అక్కడే.

కొత్త అద్దం చేసి, భూతద్దం కింద ఒక్క గీత కూడా లేదని చూసుకుని, స్వరూప ముందే అతికించాను. మూడో రోజుకు దాని మీదా గీతలు వచ్చాయి.

ఇంట్లో ఉంచుకోవడం నా వల్ల కాలేదు. పెత్రమాసకు, అంటే పెద్దల పేర బియ్యం ఇచ్చే అమావాస్యకు, రెండు రోజుల ముందు దాన్ని అట్టపెట్టెలో పెట్టి అలియాబాద్ బయలుదేరాం. స్వరూప పెట్టెను ఒళ్ళో పెట్టుకోనంది, డిక్కీలో పెట్టాను. మేడ్చల్ దాటి శామీర్‌పేట చెరువు దగ్గరికి వచ్చేసరికి కారు ఆపమంది. "డిక్కీల వద్దు. జర బయటికి దీయుండ్రి. పాపం" అంది. ఎవరికి పాపమో నేను అడగలేదు. పెట్టె మూత తీసి కారు వెనక సీటులో పెట్టి, కారు అద్దాలన్నీ దించి వెళ్ళాం.

మామ విమానాన్ని చూసి మురిసిపోయాడు. దాన్ని ఎత్తుకుని నేరుగా వాళ్ళమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. అవ్వకు ఎనభై అయిదేళ్ళు. కళ్ళు దాదాపు కనిపించవు. వసారాలో మంచం మీదే ఉంటుంది. ఆ విమానం కూలడం కళ్ళారా చూసినవాళ్ళలో బతికున్నది ఆమె ఒక్కతే.

"అమ్మా, అల్లుడు మన నాయిన గాలిమోటరు జేసిండు. పట్టి చూడు" అని మామ విమానాన్ని ఆమె ఒళ్ళో పెట్టాడు. మేం జరిగినదాంట్లో ఒక్క మాట కూడా అక్కడ ఎవరికీ చెప్పలేదు. అవ్వ చేయి రెక్క మీదికి పోలేదు, ప్రొపెల్లర్ మీదికి పోలేదు. తడుముకోకుండా వెనక అద్దం మీద ఆగింది.

"ఇంక కొడుతనే ఉన్నడా బిడ్డా?" అని నన్ను అడిగింది.

 స్వరూప నా చేయి పట్టుకుంది. మామ ఒక్కడే "ఎవడు కొట్టుడేందమ్మా?" అన్నాడు.

అవ్వ మెల్లగా చెప్పింది. "ముందటోణ్ణి గుంజిండు మీ నాయిన. ఎనకోడు అద్దం కొడుతున్నడు, రెండు చేతులతోని. అది జరుగలే. నాయిన మల్ల పోతుండె. నేనే దోతి పట్టుకున్న, ఇడువలే. నువ్వు కడుపుల ఉంటివి."

 మామకు కోపం వచ్చింది. ముసల్దానికి మతి తప్పింది అన్నాడు. దసరాకు పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు, రాయి చెక్కడానికి ఇచ్చేశాను, ఇది బయటపడితే నాయిన పేరు ఏం కావాలి అన్నాడు. చివరికి "గీ మాట ఇల్లు దాటద్దు" అని, విమానాన్ని తీసుకుపోయి తన గదిలో పెట్టి తలుపు వేశాడు. నాకు మామ మీద జాలి వేసింది. అరవై అయిదేళ్ళుగా ఆయన తల ఎత్తుకుని తిరిగింది ఆ ఒక్క కథ మీద.

మేం రాత్రికి ఇంటికి వచ్చేశాం. మర్నాడు పొద్దున్నే మామ ఫోన్. "అల్లుడా, జర జల్దీ రా" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. మేం వెళ్ళేసరికి వాకిట్లో ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తన గది తలుపు వైపు వీపు పెట్టి. ఆయన ఏం విన్నాడో నేను అడగలేదు. రోజంతా ఆ గదిలోకి పోలేదు, చెప్పులు కూడా నన్నే తెచ్చి ఇమ్మన్నాడు. నేను పరుగున వెళ్ళి పరుగున వచ్చాను.

తెల్లారి పెత్రమాస. చనిపోయిన పెద్దల పేర ఒక్కొక్కరికీ ఒక్కో పళ్ళెంలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి మంత్రం చదివే అయ్యగారికి ఇవ్వడం మా వైపు ఆచారం. ఆ ఇంట్లో ఏటా ఒక పళ్ళెం ఎక్కువ ఉంటుందట. దాన్ని అవ్వే ఇచ్చేది, పేరు చెప్పేది కాదు. పురిట్లో పోయిన బిడ్డ కోసం కాబోలు అని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. ఈసారి ఆమెకు లేచే ఓపిక లేదు.

చివరి పళ్ళెం మామ ఎత్తాడు. వసారా నిండా అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, పనివాళ్ళు ఉన్నారు. ఎవరి పేర అని అయ్యగారు అడిగాడు. మామ అవ్వ మంచం వైపు చూశాడు. 

"పేరు తెల్వదు" అన్నాడు. "మా నాయిన అగ్గిల ఇడిసిపెట్టి వచ్చినోడు. నేను బుట్టాలని."

 అయ్యగారు ఒక్క క్షణం ఆగి మంత్రం చదివాడు.

తర్వాత మామ నన్ను గదిలోకి తీసుకుపోయి, విమానం తెచ్చి అవ్వ మంచం పక్కన పెట్టమన్నాడు. "అద్దం తీయి" అన్నాడు. ఆయన రెండు చేతులతో విమానాన్ని పట్టుకున్నాడు, నేను బ్లేడుతో అంచు కోశాను. బ్లేడు రెండుసార్లు జారింది. అద్దం ఊడి వచ్చింది. లోపల నేను చేసిన ఖాళీ సీటు, దాని కింద తేమ గుళికలు. అంతే.

ఆ తర్వాత మసక రాలేదు, చప్పుడు వినిపించలేదు. దసరాకు విగ్రహం పెట్టారు. మామ రాయి మీద రాతను మార్పించాడు. ఒకరిని కాపాడాడని, ఇంకొకరిని కాపాడలేకపోయాడని ఇప్పుడు దాని మీద ఉంది. నేనూ నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. ఫ్యాక్టరీలో అదే షీటు, అదే గమ్, అవే గుళికలతో అలాంటి అద్దాలు నాలుగు చేసి వానలో, ఎండలో పెట్టి చూశాను. దేనికీ మసక పట్టలేదు, దేని మీదా గీత పడలేదు. అవ్వ చేయి నేరుగా అక్కడికే ఎందుకు పోయిందో చెప్పడానికి నా దగ్గర ఏ కొలతా లేదు.

అన్నిటికంటే నన్ను ఇప్పటికీ వదలనిది ఆ అద్దం ఊడిన క్షణం. ఆ చిన్న చప్పుడుకే అవ్వ తల తిప్పింది. ఏమీ కనిపించని కళ్ళతో మా ఇద్దరి మధ్య ఖాళీ జాగాలోకి చూసింది.

"బయటికొచ్చిండా?" అని అడిగింది.

మామ నా వైపు చూశాడు. అవునని చెప్పడానికి భయం వేసింది, కాదని చెప్పడానికి ఇంకా భయం వేసింది. ఆమె వేచి చూస్తూనే ఉంది.  అతను బయటికి వచ్చాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.