దిష్టి తీసిన మా నర్సమ్మత్త

మేం ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు... పొద్దున్న ప్రార్థనలో నా పక్కన నిలబడ్డ గౌరి దబ్బున పడిపోయింది. దాని మొహాన నీళ్ళు కొడుతుండగానే ఇంకో ఇద్దరు. మర్నాడు మా క్లాసు ఆడపిల్లలు సగం మంది, ఒకళ్ళని చూసి ఒకళ్ళు, కేకలు పెట్టి పడిపోయారు. బడి మూసేశారు.

ఊరంతా ఒకటే మాట... చిల్లంగి! చేతబడిని మా వైపు అలాగే అంటారు.

నర్సమ్మత్త మా నాన్నకి అక్క. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఎవరి పిల్లకి ఒళ్ళు వెచ్చబడినా దిష్టి తియ్యడానికి ఆవిడే కావాలి. ఆ సాయంత్రం గౌరి వాళ్ళమ్మే పరుగున వచ్చింది. "వదినా, మా పిల్లకి దిష్టి తీసీ... నీ సెయ్యి మంచిది" అని బతిమాలింది.

అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ గౌరి చుట్టూ తిప్పి, మూడు దార్ల దగ్గర పారబోసి వస్తోంది. దిష్టి పారేసిన మనిషి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా వెనక్కి చూడకూడదు, ఎవరితోనూ పలకకూడదు. మా ఊళ్ళో ఇది తెలియనివాళ్ళు లేరు...

టీకొట్టు దగ్గర మగాళ్ళు కేకేశారు. "ఒసే నర్సీ, అక్కడేటే పారేసినావు?"

అత్త పలకలేదు.

"సూసినారా... తప్పు సేసినాది కాబట్టే నోరు పెగల్లేదు!"

అంతే. ఆవిడ గుమ్మం ఎక్కకముందే జనం చుట్టుముట్టారు. కాళ్ళు కడుక్కోలేదని ఆ పిచ్చిది అప్పటికీ నోరు విప్పలేదు! అడ్డం పడిన నాన్నని తోసేశారు. మంత్రం నోట పలక్కూడదని ఆవిడ ముందుపళ్ళు రాలగొట్టారు. నేను గౌరి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, "సెప్పు పిన్నీ, నువ్వే కదా రమ్మన్నావు" అని ఏడ్చాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని జనంలోకి వెళ్ళిపోయింది.

జనం ఊళ్ళో ఉండనివ్వకపోతే నాన్న అత్తని రాజాంలో చుట్టాలింట్లో దిగబెట్టాడు. తర్వాత డాక్టర్లు వచ్చారు. ఖాళీ కడుపుతో ఎండలో నిలబడి ఒక పిల్ల పడింది, మిగతావాళ్ళు భయానికి పడ్డారని చెప్పారు. ఎవరు వింటారు? పిల్లలు మామూలయ్యాక, "నర్సిని గెంటీసినాకే తగ్గినాది" అనుకున్నారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు ఆ బళ్ళో పొద్దున్నే పిల్లలకి రాగిజావ పోస్తున్నారట. మంచిదే... అత్త మాత్రం మళ్ళీ ఊరు చూడకుండానే పోయింది.

అప్పుడు ఊళ్ళో మాట ఊళ్ళోనే ఉండిపోయేది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. గౌరి వాళ్ళమ్మ కూడా ఫేస్‌బుక్‌లో ఉంది... ఇది చదువుతుంది.

మీ ఊళ్ళోనూ ఇలా ఎవరినైనా గెంటేసి ఉంటే కింద రాయండి... పిన్నీ, నువ్వు కూడా.